నమ్మకం పెట్టె

"పెట్టనంటే పెట్టను," అంది ఫోనక్క. "మీరు పదిసార్లు అడిగినా ఇదే మాట. పదకొండోసారి అడిగితే ఇంకాస్త గట్టిగా చెప్తాను. అంతే తేడా."

భోజనాల బల్ల మీద ఉప్పుసీసా కింద ఆ కాగితం రెపరెపలాడుతోంది. పక్కనే మూత తీసిన పెన్ను. మూత తీసి పెట్టింది ఆమె భర్త. ఆదివారం పొద్దున్నే లేచి, కళ్లద్దాల షాపు నుంచి తెచ్చుకున్న పని పక్కన పడేసి, భార్యకూ చెల్లెలికీ మధ్య కూర్చున్నాడు. చేతిలో ఎవరివో కళ్లజోడు అద్దాలు. వాటిని తుడిచిందే తుడుస్తున్నాడు.

ఎదురుగా ఆడపడుచు చిట్టి. కుడి మణికట్టుకు తెల్లటి కట్టు. శనివారం మధ్యాహ్నం తోటలో ఫోనక్క తోస్తే పడి బెణికించుకున్న చెయ్యి అది. అందుకే ఆమె చూపు ఆ కట్టు వైపు వెళ్లినప్పుడల్లా వెనక్కి వచ్చేస్తోంది.

"అన్నయ్యా, నువ్వే చదివి వినిపించు. అందులో వదిన్ని తిట్టిన ముక్క ఒక్కటైనా ఉందేమో చూడు," అంది చిట్టి.

అతను గొంతు సవరించుకున్నాడు. "'శనివారం జరిగిన టీమ్ బిల్డింగ్ కార్యక్రమంలో, మా కుటుంబ కలహం కారణంగా నేను ట్రైనరు మీద చెయ్యి చేసుకున్నాను. ఆట పూర్తిగా సురక్షితమైనది. పెట్టెలో కూర్చున్న ఉద్యోగి తన ఇష్టంతోనే కూర్చున్నారు. నన్ను క్షమించగలరు.' ఇంతేగా. నాలుగు ముక్కలు."

"నాలుగూ అబద్ధాలే," అంది ఫోనక్క. "మనకి కలహం ఎక్కడుంది? శనివారం పొద్దున్న తోటకి వెళ్లే బస్సులో దాని జడ వేసింది నేను. చిట్టీ, నీ చెయ్యి బెణికింది. తప్పు నాదే. నిన్న చెప్పాను, ఇవాళ చెప్తున్నాను, రేపు కూడా చెప్తాను. గడియ తీసినందుకు మాత్రం నా నోట ఆ మాట రాదు."

"ఇంకో ఆరు నిమిషాలు ఆగితే ఏం పోయేది వదినా? పది నిమిషాల ఆట. నాలుగు అయిపోయాయి."

"నాలుగో నిమిషంలో పెట్టెలోంచి చప్పుడు ఆగిపోయింది. విన్నావా నువ్వు?"

చిట్టి ఉప్పుసీసాను కాగితం మధ్యకి జరిపింది.

లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా ఫోన్ దగ్గర కూర్చుంటోంది ఫోనక్క. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనిషి చిక్కుకుంటే, ఎర్ర బటన్ నొక్కగానే మొదట వినపడేది ఆమె గొంతు. మెకానిక్ చేరేదాకా ఆ గొంతు ఆగకూడదు. అటువైపు మనిషి ఏడ్చినా, తిట్టినా, అసలు పలకకపోయినా ఇటు నుంచి మాట తెగకూడదు. ఆఫీసులో అందరూ ఆమె అసలు పేరు మర్చిపోయి ఫోనక్క అనడం అందుకే.

అలాంటి మనిషిని తోటలో ఇరవైమందితో పాటు కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా లిఫ్టు మోటారు ప్యాక్ చేసి వచ్చిన ఖాళీ చెక్కపెట్టెలో, స్టోరు రూము చూసుకునే పెద్దాయన స్టోరు బాబాయ్‌ని పెట్టి, బయట గడియ వేసి, "లోపలి నుంచి ఎంత కొట్టినా పది నిమిషాలు ఎవరూ పలకొద్దు. పలకకపోయినా మనవాళ్లు బయటే ఉన్నారని ఆయన నమ్మాలి. ఇదే నమ్మకం పెట్టె" అని చెప్పింది ట్రైనరుగా వచ్చిన చిట్టి.

అంతకుముందు రెండు ఆటలయ్యాయి. ఎత్తంటే భయమన్న కుర్రది నిచ్చెన ఎక్కి దిగింది. పాట అంటే పారిపోయే గుమాస్తా మైకులో పాడి అందర్నీ నవ్వించాడు. మూడోది ఇది. నాలుగో నిమిషంలో ఫోనక్క లేచింది, అడ్డం వచ్చిన చిట్టిని తోసి గడియ తీసింది.

"చీటీల మీద పేర్లు రాయొద్దన్నావు నువ్వు," అంది ఫోనక్క. "ఎవరికి ఏది భయమో రాసి డబ్బాలో వెయ్యమన్నావు. పేరు లేని చీటీ ఆయనదని నీకెలా తెలిసింది?"

చిట్టి కట్టు మీద ఊడిన దారాన్ని లాగింది.

"అడుగుతున్నాను చిట్టీ."

"మేనేజరు చేతిరాత గుర్తుపట్టాడు. ఈయన్నే తీసుకోండి, నెమ్మదస్తుడు, ఏమన్నా పడి ఉంటాడు, గొడవ చెయ్యడు అన్నాడు."

భర్త అద్దాలు తుడవడం ఆపేశాడు.

"నాకేం తెలుసు వదినా!" చిట్టి గొంతు పెరిగింది. "ఆయన మెకానిక్‌గా ఉన్నప్పుడు లిఫ్టులో ఏడు గంటలు ఇరుక్కుపోయాడని ఎవరు చెప్పారు నాకు? ఆ ఏడు గంటలూ ఫోన్లో నువ్వే మాట్లాడావట. నువ్వు చెప్పావా? నీ కంపెనీలో నీ మాట మీదే నాకు ఈ పని దొరికింది. నువ్వే పిలిచి నువ్వే నా పొట్ట కొట్టావు. మొత్తం వాళ్ల పద్నాలుగు బ్రాంచీలకీ నన్నే పిలుస్తామన్నారు. బ్యాంకులో కూర్చుని ముద్రలు కొట్టుకుంటున్నదాన్ని వదిలేసి వచ్చానే, దేనికోసం? రేపు హెడ్డాఫీసు నుంచి ఆవిడ వస్తోంది. ఈ కాగితం ఆవిడ చేతిలో పడకపోతే నా బతుకు మళ్లీ మొదటికొచ్చినట్టే."

"ఒక్క సంతకమే కదా," అన్నాడు భర్త, ఎవరి మొహమూ చూడకుండా. "ఇంట్లో వాళ్ల కోసం ఆ మాత్రం..."

"ఇంట్లో వాళ్ల కోసం చెయ్యమంటే చేస్తాను. అబద్ధం చెప్పడం వాళ్ల కోసం ఎలా అవుతుంది? రేపు ఇంకో బ్రాంచీలో ఇంకో బాబాయ్‌ని దాంట్లో పెడతారు. 'సురక్షితం' అని నా సంతకం చూపించి పెడతారు."

అంతవరకూ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వింటున్న అత్తగారు కదిలింది. ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లల్ని ఆడించి రిటైరైన మనిషి. కూతురి వైపు మాట్లాడుతుందని కూతురూ అనుకుంది, కోడలూ అనుకుంది.

"ఆ పెట్టెలో నువ్వెప్పుడైనా కూర్చున్నావటే?" అంది.

"అమ్మా, అది కాదు..."

"అడిగిందానికి చెప్పు. నేను పిల్లల చేత వేయించిన ప్రతి గంతూ ముందు నేను వేశాను. మోకాళ్లు అరిగింది అందుకే. నువ్వు కూర్చున్నావా, లేదా?"

చిట్టి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. ఎడం చేత్తో కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, విసురుగా పై వాటాలోకి మెట్లెక్కిపోయింది. తలుపు దభాలున మూసుకుంది.

పెన్ను మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

సోమవారం పొద్దున్న ఫోనక్క తన సీటు దగ్గరికి వెళ్లేసరికి ఆమె హెడ్‌సెట్ వేరే తల మీద ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి దోషిలా లేచి నిలబడింది.

"మేనేజరు గారు కూర్చోమన్నారక్కా. మిమ్మల్ని ఓసారి రమ్మన్నారు."

మేనేజరు గదిలో ఏసీ చల్లగా ఉంది, ఆయన నవ్వు ఇంకా చల్లగా ఉంది.

"కూర్చోండి. మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో చిన్న చిన్నవి వస్తుంటాయి, పోతుంటాయి. కాగితం చూశారుగా?"

"చూశాను సార్. నాకు ఇంట్లో ఒక కుటుంబం ఉంది. అక్కడ ఎవరన్నా తలుపు కొడితే తీస్తాం."

ఆయన నవ్వు సగంలో నిలిచిపోయింది. "మీరు ఎమోషనల్‌గా ఉన్నారు. ఇలాంటి మూడ్‌లో ఫోన్ దగ్గర కూర్చోవడం మంచిది కాదు. ఇవాళ్టికి స్టోరులో ఉండండి. పదకొండింటికి హాల్లో మీటింగు. హెడ్డాఫీసు మేడం వస్తున్నారు. ఈలోపు ఆలోచించుకోండి."

"ఆలోచించడం అయిపోయింది సార్. స్టోరుకి మాత్రం వెళ్తాను. బాబాయ్‌తో మాట్లాడి రెండు రోజులైంది."

స్టోరంతా గ్రీజు వాసన. ఇనుప అరల్లో తాడుచుట్టలు, తలుపు చక్రాలు. స్టోరు బాబాయ్ స్టూలు మీద కూర్చుని లిఫ్టు బటన్లు అంతస్తుల వారీగా ట్రేల్లో సర్దుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఆమె వచ్చినట్టు తెలిసినా తల ఎత్తలేదు.

"ఎలా ఉన్నారు బాబాయ్?"

"బాగానే ఉన్నానమ్మా."

"నిన్న ఫోన్ చేశాను. తియ్యలేదు."

నాలుగో అంతస్తు బటను ఐదో ట్రేలో పడింది. ఆయన దాన్ని తీసి సరైన చోట పెట్టాడు. మళ్లీ తీశాడు. చేతిలోనే ఉంచుకున్నాడు.

"నేను సంతకం పెట్టేశానమ్మా."

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"నిన్న మేనేజరు మా ఇంటికొచ్చాడు. నా ఇష్టంతోనే కూర్చున్నానని, లోపల నాకేమీ కాలేదని రాసుకొచ్చాడు. ఇంకా రెండేళ్లే సర్వీసు ఉంది. మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది. పెట్టేశాను."

ఫోనక్క అక్కడే ఉన్న తాడుచుట్ట మీద కూర్చుంది. బయట ఎవరో బండి తోసుకుపోతున్న చప్పుడు వచ్చి పోయింది.

కోపం రావాలి. వచ్చింది కూడా. గొంతుదాకా వచ్చి, ఆయన చేతిలో ఇంకా ఉన్న ఆ చిన్న బటన్ చూడగానే దారి మళ్లింది.

"లోపల ఎందుకు కొట్టడం ఆపేశారు బాబాయ్?"

ఆయన బటన్ని నాలుగో ట్రేలో పెట్టాడు. "అప్పుడెప్పుడో లిఫ్టులో నీ గొంతు వినపడేది. నువ్వు నా బండి రంగు అడిగావు, మా పిల్లల పేర్లు అడిగావు. ఏడు గంటలు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నావు. ఇక్కడ ఇరవైమంది ఊపిరి పీల్చడం వినపడుతోంది, మాట లేదు. నువ్వు కూడా వాళ్లలో ఉన్నావని తెలుసు. నువ్వే పలకనప్పుడు ఇంక కొట్టి ఏం లాభం అనిపించింది."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాలుగు నిమిషాలు. తను నాలుగు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంది. గడియ తీసినందుకు కాదు, ఆలస్యం చేసినందుకు అడగాలి ఎవరైనా తనని.

"మీరు సంతకం పెట్టినందుకు నేనేమీ అననులెండి," అంటూ లేచింది. "నేను మాత్రం పెట్టను. దాంతో మీ సంతకం అబద్ధమైపోతుంది. మీకు ఇబ్బంది వస్తుంది. అయినా పెట్టను. ముందే చెప్తున్నాను, నన్ను తిట్టుకోండి."

పదకొండింటికి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. మధ్యలో అదే చెక్కపెట్టె. తోట నుంచి లారీలో తెప్పించారట. పక్కల రూపాయి బిళ్లంత గాలి కన్నాలు, పైన మూత, మూతకు ఇనుప గడియ. హెడ్డాఫీసు మేడం ముందు వరసలో కూర్చుంది. చిట్టి పెట్టె పక్కన నిలబడి ఉంది, పొడుగు చేతుల చొక్కాలో కట్టు సగం దాచుకుని. వదిన వైపు చూడలేదు.

మేనేజరు చేతులు జోడించి మొదలుపెట్టాడు. "మేడం, శనివారం జరిగింది పొరపాటు. ఆట తప్పు కాదు. అది రుజువు చెయ్యడానికి, అదే ఉద్యోగి అదే పెట్టెలో తన ఇష్టంతో మళ్లీ కూర్చుంటారు. బాబాయ్ గారూ, రండి."

స్టోరు బాబాయ్ లేచాడు. సంతకం పెట్టినవాడు లేవక ఏం చేస్తాడు. రెండు అడుగులు వేశాడు. మూడో అడుగుకి ఫోనక్క అడ్డం వచ్చింది.

"ఆగండి బాబాయ్."

"మీరు కూర్చోండి," అన్నాడు మేనేజరు.

"ఆయన కూర్చోరు, నేనూ కూర్చోను. అంత మంచి ఆటైతే ముందు ఆడించేవాళ్లు కూర్చోవాలి."

హాల్లో గుసగుసలు లేచాయి. చిట్టి మొహం ఎర్రబడింది. వదిన నోట వచ్చింది అమ్మ మాటే. చిట్టి తలవంచుకుని వినే రకం కాదు. చిన్నప్పటి నుంచీ అంతే, కాదన్న పనే చేసి చూపించాలి.

"కూర్చుంటాను," అంది. "పదికి పది నిమిషాలు. గడియ మా వదినే పెడుతుంది."

"నేను పెట్టను చిట్టీ. నీకే కాదు, ఎవరికీ పెట్టను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదివారం తర్వాత చూసుకోవడం అదే మొదలు. చిట్టి గిరుక్కున తిరిగి పెట్టెలోకి దిగి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. మూత పడింది. గడియ మేనేజరే వేశాడు. వాచీ చూసుకుని వేలు పెదవి మీద పెట్టాడు.

ఒక నిమిషం గడిచింది. పెట్టెలోంచి చప్పుడు లేదు.

రెండో నిమిషంలో ఎక్కడో చెక్క మీద గోరు గీసిన చప్పుడైంది. ఎవరికీ వినపడనంత చిన్నది. పంతొమ్మిదేళ్లు హెడ్‌సెట్ పెట్టుకున్న చెవికి వినపడింది.

ఫోనక్క నడిచి వెళ్లి పెట్టె పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"చిట్టీ, నేను ఇక్కడే ఉన్నాను," అంది, రోజూ ఫోన్లో మాట్లాడే గొంతుతో. "రెండు నిమిషాలు దాటింది. నీ ఎడం పక్క గాలి కన్నం ఉంది. మొహం అటు తిప్పుకో."

"మాట్లాడకూడదు!" అన్నాడు మేనేజరు.

"నా ఉద్యోగమే ఇది సార్. హెడ్‌సెట్ తీసుకున్నారు, గొంతు నా దగ్గరే ఉంది." మళ్లీ పెట్టె వైపు తిరిగింది. "నువ్వు పదో తరగతిలో నా కొత్త చెప్పులు వేసుకుపోయి ఒకటి ఎక్కడో పోగొట్టుకొచ్చావు, గుర్తుందా? రెండోది ఇంకా నా దగ్గరే ఉంది. ఎప్పటికైనా నీకు చూపించి తిడదామని దాచాను. నీకు చెప్పలేదు గానీ ఆ చెప్పులు నాకు కరిచేవి. పోతే పోనీ అనుకున్నాను."

ఎవరో నవ్వారు. మేనేజరు గుడ్లురిమాడు. హెడ్డాఫీసు మేడం అలాగే చూస్తూ కూర్చుంది.

ఫోనక్క ఆపలేదు. చిట్టి మొదటిసారి సైకిలు నేర్చుకున్న వీధి గురించి చెప్పింది. అన్నయ్య పెళ్లిలో అలిగి బీరువా వెనక దాక్కున్నదాన్ని పెళ్లికూతురిగా ఉండి తనే కనిపెట్టిన సంగతి చెప్పింది. మధ్యమధ్య నిమిషాలు లెక్క చెప్పింది. ఆరు. ఎనిమిది. తొమ్మిది.

పది కాగానే గడియ తీశారు.

చిట్టి పెట్టెలోంచి బయటికి వచ్చి నిలబడింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. నవ్వుతోంది. "ఒక్కసారి కూడా కొట్టలేదు. చూశారుగా మేడం?"

"చూశాం," అన్నాడు మేనేజరు ఉత్సాహంగా. "భయం ఏమైనా వేసిందా?"

"ఏం భయం? ఏమీ వెయ్యలేదు."

ఆ మాట అంటూ కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నేల మీద కూర్చున్న ఫోనక్కకు ఆ చెయ్యి కళ్లెదుటే ఉంది. మణికట్టు కట్టు తడిసి పీలికలైంది. దాని మీద వరసగా పళ్ల గాట్లు.

ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపిస్తే చాలు. ఆట సంగతి అక్కడితో తేలిపోతుంది. చిట్టి సంగతి కూడా తేలిపోతుంది.

ఫోనక్క లేచింది. చొక్కా చెయ్యి కొస పట్టుకుని కట్టు కనపడకుండా కిందికి లాగింది. చిట్టి చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"అయితే ఇప్పుడు బాబాయ్ గారు," అంది హెడ్డాఫీసు మేడం మొదటిసారి నోరు తెరిచి. "ఈసారి ఎవరూ మాట్లాడకుండా."

"నేను కూర్చోనండి," అన్నాడు స్టోరు బాబాయ్.

ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

"మీ ఇష్టంతోనే అని సంతకం పెట్టారుగా?" మేనేజరు అడిగాడు.

"ఆ కాగితం ఇటివ్వండి. కొట్టేస్తాను."

"ఇవ్వను."

"నాది ఇవ్వండి," అంది ఫోనక్క. "నేను సంతకం పెడతాను."

మేనేజరు మొహం వెలిగింది. చిట్టి సంచిలోంచి తనే కాగితం లాగి, పెన్ను చేతికిచ్చాడు. ఫోనక్క పెట్టె మూత దించి, దాని మీదే కాగితం పరిచింది. అచ్చు వేసిన నాలుగు వాక్యాలనూ అడ్డంగా కొట్టేసింది. కింద పెద్ద అక్షరాలతో రాసింది: 'గడియ తీసింది నేను. నాలుగు నిమిషాలు ఆలస్యంగా తీశాను. ఈసారి అంత ఆలస్యం చెయ్యను.' దాని కింద సంతకం పెట్టింది.

"పెన్ను ఇటివ్వమ్మా," అన్నాడు స్టోరు బాబాయ్. ఆమె సంతకం కింద 'నేను కూర్చోలేదు, కూర్చోబెట్టారు' అని రాసి తన పేరు రాశాడు.

"మీ ఇద్దరూ ఏం చేస్తున్నారో తెలుస్తోందా?" మేనేజరు గొంతు కీచుమంది. కాగితం కోసం చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చేరేలోపు చిట్టి దాన్ని లాక్కుంది. నిలబడే చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత నాలుగు మడతలు పెట్టి, తన సంచి కూడా అక్కడే వదిలేసి హాల్లోంచి బయటికి నడిచింది.

"అమ్మాయ్! ఆ కాగితం!" మేనేజరు అరిచాడు.

ఫోనక్క వెనకే పరిగెత్తింది. లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది. చిట్టి అది ఎక్కలేదు. మెట్ల తలుపు మాత్రం ఇంకా ఊగుతోంది.

"చిట్టీ!"

కింద ఎక్కడో అడుగులు ఆగాయి. ఫోనక్క రెయిలింగు పట్టుకుని వంగి చెవి వొగ్గింది.

అడుగులు మళ్లీ మొదలయ్యాయి. కాగితం మేడం చేతికివ్వడానికి పైకి వస్తున్నాయో, దాంతో సహా కిందికి వెళ్లిపోతున్నాయో, ఆ చప్పుడును బట్టి ఆమెకు అంతుపట్టలేదు.